అమావాస్య నాటి ఆకుపచ్చ గీత

ఆరేళ్ళపాటు నా చొక్కా జేబులో ఒక కండె ఉండేది. కండె అంటే తెలుసు కదా, మగ్గం మీద అటూ ఇటూ పరిగెత్తే నాడెలో పెట్టడానికి నూలు చుట్టే చిన్న పుల్ల. వేలెడు పొడవు. తూకం వేస్తే ఏమీ ఉండదు. దాన్ని మోయడానికి నేను పడ్డ అవస్థ మాత్రం ఇంతవరకూ ఎవరికీ చెప్పుకోలేదు. మా ఆవిడకు కూడా. మీకు చెబుతున్నాను. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు, అదే నాకున్న ధైర్యం.

పేరు అడక్కండి. పటమటలో ఉంటాను. బెజవాడలో ఒక పెద్ద బట్టల కొట్లో చీరల సేల్స్‌మన్‌ని. తెల్ల పరుపు మీద కూర్చుని, "అమ్మా, ఇది చూడండి, ఈ రంగు మీకోసమే నేశారు" అంటూ పొద్దస్తమానం మడతలు విప్పడం నా పని. నా నోరు మంచిదని మా ఓనరు గారు అంటారు. నిజమే, వద్దన్న చీర కొనిపించగల నోరు నాది. ఆ నోటితోనే చేశాను తప్పు.

నాకు ఎగ్జిమా. చిన్నప్పటి నుంచీ ఉంది. జనం నోట్లో దానికి గజ్జి అని పేరు. అంటుకోదు, కానీ ఆ మాట ఎంతమందిని కూర్చోబెట్టి చెప్పగలం? మణికట్ల దగ్గర, మోచేతి మడతల్లో చర్మం బండబారి, పగిలి, గోకితే రసి కారేది. గోకకూడదని తెలుసు. తెలిసీ గోకేవాణ్ణి. సిగ్గు విడిచి చెబుతున్నాను, దురద ఉన్నవాడికి గోక్కోవడమంత హాయి ఇంకోటి లేదండీ. ఆ హాయి రెండు నిమిషాలు. ఆ తర్వాత మంట, రక్తం, మళ్ళీ దురద. డాక్టరు గారు రాసిన పూతమందుతో తగ్గినట్టే తగ్గేది, నా గోళ్ళే దాన్ని మళ్ళీ తెచ్చిపెట్టేవి.

ఒకరోజు పెళ్ళి బేరం. పట్టుచీర పరిచి అంచు చూపిస్తుంటే పెళ్ళికూతురి తల్లి నా మణికట్టు చూసింది. "ఆ చీర వద్దు బాబూ, ఇంకొకాయన్ని చూపించమను" అంది. మెల్లగానే అంది. కొట్లో అందరికీ వినిపించింది. మర్నాడు ఓనరు గారు నన్ను గోడౌన్‌కి మార్చారు. తిట్టలేదు పాపం. "చెయ్యి బాగుచేసుకుని రా, దసరా దాకా చూస్తాను" అన్నారు. గోడౌన్‌లో మూటలకు చీటీలు అంటించుకుంటూ కూర్చునేవాణ్ణి. మాటతో బతికేవాడికి అక్కడ మాట్లాడటానికి మూటలు తప్ప మనిషి లేడు. దసరా దాటితే ఇక అదే నా చోటు అని అర్థమైపోయింది.

ఆ రోజుల్లోనే నేను చూపించుకునే ఆసుపత్రిలో ఒక కొత్త పద్ధతి మొదలుపెట్టారు. మందులు మందులే, వాటితో పాటు గోకే అలవాటు మాన్పించడానికి ఫోన్లో పాఠాలు, చేతికి వాచీ లాంటి ఒక పట్టీ. చెయ్యి కదిలే తీరును బట్టి ఆ పట్టీ మనం గోకుతున్నామని పసిగట్టి జుయ్యిమని అదురుతుంది. మనకు తెలియకుండానే చెయ్యి అక్కడికి పోతుంది కదా, అది గుర్తుచేయడమన్నమాట. అదిరినప్పుడు ఏం చేయాలో ఫోన్లో ఒక ఆడగొంతు తెలుగులో నెమ్మదిగా చెప్పేది. గుప్పిట బిగించండి. ఇరవై దాకా లెక్కపెట్టండి. ఇంకా దురదగా ఉంటే గోరు తగలకుండా అరచేత్తో అదమండి. సాయంత్రానికి ఆ రోజంతా ఎప్పుడెప్పుడు గోకామో ఫోన్లో గీతలుగా వచ్చేది. ఎక్కువైతే ఎరుపు, తగ్గితే ఆకుపచ్చ.

మొత్తం ఆరుగురం. బుధవారం బుధవారం గ్రేస్ మేడం అనే కౌన్సిలర్ మమ్మల్ని ఒక గదిలో కూర్చోబెట్టి, ఎవరి గీతలు వాళ్ళకు చూపించి మాట్లాడించేవారు. చిన్న వయసు, ఓపిక మాత్రం చాలా ఉండేది. మొదటి రోజే ఒక సంగతి చెప్పేశారు. పట్టీలు తక్కువున్నాయి, ఆరు వారాలయ్యాక బాగా ఉపయోగపడుతున్న ఇద్దరికే ఉంచుతాం, మిగతావాళ్ళవి తీసుకుని వేరేవాళ్ళకు ఇస్తాం అని. ఆ ఇద్దరిలో నేను ఉండి తీరాలి అనుకున్నాను. దసరాకు ఇంకా మూడు నెలలుంది.

రత్నమ్మ గారు పరిచయమైంది అక్కడే. పెడన నుంచి బస్సులో వచ్చేవారు. యాభై అయిదేళ్ళుంటాయి. మెడ చుట్టూ, కుడిచేతి మీద నాకంటే ఎక్కువగా ఉండేది ఆవిడకు. గోకేది ఎడం చేత్తో కాబట్టి పట్టీ ఎడం చేతికి కట్టారు. వచ్చినప్పుడల్లా సంచిలో జామకాయలో, ఉడకబెట్టిన వేరుశనక్కాయలో తెచ్చి అందరికీ పంచేవారు. పేరు రాసుకునేటప్పుడు మేడం ఏం పని చేస్తారమ్మా అని అడిగితే, "నాకేం పనండీ, ఇంట్లోనే ఉంటా. మా ఆయన నేస్తాడు" అన్నారు. మేడం గృహిణి అని రాసుకున్నారు.

రెండో బుధవారం నేను గుప్పిట బిగిస్తుంటే నా గోళ్ళు నా అరచేతిలోనే గుచ్చుకోవడం ఆవిడ చూశారు. సంచిలో చెయ్యి పెట్టి ఒక ఖాళీ కండె తీసి నా చేతిలో పెట్టారు. దురద వచ్చినప్పుడు దీన్ని వేళ్ళ మధ్య తిప్పుకోండి బాబూ, వేళ్ళకు పని ఉంటే గోకవు అన్నారు. ఎంత చిన్న ఉపాయం! ఏ డాక్టరూ చెప్పలేదు. ఆ రోజు నుంచి పట్టీ అదిరితే నా చెయ్యి జేబులోకి పోయేది. నా గీతలు పచ్చబడటం అప్పుడే మొదలైంది. నేను ఇవాళ పరుపు మీద కూర్చుని అన్నం తింటున్నానంటే ఆ పట్టీకి ఎంత రుణపడ్డానో ఆ కండెకు అంతకంటే ఎక్కువ రుణపడ్డాను. ఇది మాత్రం ఎక్కడైనా గట్టిగా చెబుతాను.

కండె చేతిలో పెట్టగానే నాకు మా అమ్మ గుర్తొచ్చింది. మాదీ మగ్గాల ఇల్లేనండీ. ఆ సంగతి అక్కడ ఎవరికీ చెప్పలేదు. ఇస్త్రీ చొక్కా వేసుకుని చీరలు అమ్మేవాడినయ్యాక, చీరలు నేసిన ఇంటి మాట ఎత్తడం ఎప్పుడో మానేశాను. మా నాన్న మగ్గం గుంటలో కూర్చుంటే, అమ్మ అరుగు మీద రాట్నం ముందు కూర్చుని కండెలు చుట్టేది. కుడిచేత్తో చక్రం తిప్పడం, ఎడంచేతి వేళ్ళతో పోగు పట్టుకుని కండె పొడుగునా ముందుకీ వెనక్కీ, ముందుకీ వెనక్కీ. గంటల తరబడి. అది పని అని మా ఇంట్లో ఎవరూ అనేవాళ్ళు కాదు. అమ్మ కూడా అనేది కాదు. ఎవరైనా అడిగితే ఇంట్లోనే ఉంటాను అనేది.

నాలుగో బుధవారం మేడం రత్నమ్మ గారి గీతలు గోడ మీద వేసి చూపించారు. ఎరుపు. పొద్దున తొమ్మిది నుంచి పన్నెండు దాకా ఎరుపు, భోజనాల వేళ కొంచెం తగ్గి, రెండు నుంచి అయిదు దాకా మళ్ళీ ఎరుపు. రోజూ అంతే. నెల మొత్తానికి ఒక్క రోజు మాత్రం పొద్దుట నుంచి సాయంత్రం దాకా ఆకుపచ్చ. మేడం సంతోషపడి, ఈ రోజు ఎలా ఆపుకోగలిగారమ్మా అని అడిగారు.

"ఆవేళ అమావాస్యండీ" అన్నారు రత్నమ్మ గారు.

అందరూ నవ్వారు. మేడం కూడా నవ్వు ఆపుకుని, దురదకూ అమావాస్యకూ సంబంధం లేదమ్మా అని ఓపిగ్గా చెప్పడం మొదలుపెట్టారు. నేనూ నవ్వాను. అందరికంటే కాస్త గట్టిగానే నవ్వాను. నవ్వుతుంటేనే నాకు తెలిసిపోయింది.

అమావాస్య నాడు మగ్గం దిగరు. నేతవాళ్ళకు అదే సెలవు. ఆ ఒక్క రోజు మా వీధిలో మగ్గం చప్పుడు ఉండేది కాదు, అమ్మ రాట్నం మీద గుడ్డ కప్పేది, తలంటుకునేది, మధ్యాహ్నం పడుకునేది. నా చిన్నప్పుడు అమావాస్య ఎప్పుడొస్తుందా అని చూసేవాణ్ణి. అందుకే ఆ గదిలో ఆ ఒక్క గీత ఏమిటో అర్థమైంది నాకొక్కడికే. పట్టీ పట్టుకున్నది గోకడాన్ని కాదు, కండెలు చుట్టడాన్ని. ముందుకీ వెనక్కీ కదిలే ఆ ఎడంచేతిని చూసి అది గోకుతోందనుకుంది. రత్నమ్మ గారు నిజానికి ఎంత గోకుతున్నారో తెలియదు కానీ, ఆ పని గంటలు తీసేస్తే ఆవిడ గీతల్లో పెద్దగా ఎరుపేమీ మిగలదు. నాకంటే బాగా చేస్తున్నారు ఆవిడ.

నోరు తెరిచి ఒక్క ముక్క అంటే సరిపోయేది. మేడం, ఆవిడ రాట్నం తిప్పుతారండీ అని. ఎంతసేపు పడుతుంది? అనలేదు. ఎందుకనలేదు? అప్పటికి మా ఆరుగురిలో ముందున్నది ఒక కాలేజీ అమ్మాయి, నేను. రత్నమ్మ గారు అసలు లెక్కలోనే లేరు. నేనూ ఆ అమ్మాయే ఆ ఇద్దరం. రత్నమ్మ గారి గీతలు సరిచేస్తే నేను మూడోవాణ్ణి. ఇంత లెక్కా నా బుర్రలో అప్పటికప్పుడు జరిగిపోయింది. ఆ వేగం తలుచుకుంటేనే ఇప్పటికీ నా మీద నాకు అసహ్యం వేస్తుంది.

అంతవరకైతే అది ఊరుకోవడమే. ఊరుకున్నాను అని చెప్పుకుని బతికెయ్యొచ్చునేమో. కానీ బయట వరండాలో ఆవిడ నా పక్కన బెంచీ మీద కూర్చున్నారు. పట్టీ కట్టిన చేతిని తిప్పి తిప్పి చూసుకుంటున్నారు.

"బాబూ, నాకు తెలీకుండా నేను అంత గోకుతున్నానంటారా?"

నేను జేబులో కండె తిప్పుతున్నాను.

"పొద్దున తొమ్మిదింటి కాడ్నుంచి నేను రాట్నం ముందే ఉంటానండీ. ఎడంచేత్తో పోగు పట్టుకుని ఉంటా. ఇంక గోకడానికి చెయ్యేది ఖాళీ? ఆ మాట మేడం గారికి చెబుదామంటే, మిషన్‌కి తెలీదా నీకు తెలుసా అంటారేమోనని..."

జవాబు ఆవిడ నోట్లోనే ఉంది. సగం బయటికొచ్చింది కూడా. నేను అవునమ్మా అంటే చాలు.

"తెలీకుండానే జరుగుద్దమ్మా" అన్నాను. చీర రంగు పోదని చెప్పే గొంతు అది, ఎంతో మెత్తగా ఉంటుంది. "మిషన్ ఎందుకు అబద్ధం చెబుద్ది చెప్పండి?"

"అంతేనంటారా?"

"అంతేనమ్మా."

"మీరు చెబితే అంతేలెండి" అని లేచి, సంచిలో మిగిలిన జామకాయ నా చేతిలో పెట్టి బస్సుకు వెళ్ళిపోయారు.

ఆరో వారం ఆసుపత్రి వాళ్ళు ఆవిడ పట్టీ తీసేసుకున్నారు. నాది ఉంచారు. దసరాకు పది రోజుల ముందు నా మణికట్లు చూసి ఓనరు గారు భుజం తట్టి పరుపు మీద కూర్చోబెట్టారు. ఆ రోజు నేను విప్పిన మొదటి చీర మీద నా కన్నీటి చుక్క పడకుండా ఉండటానికి ఎంత తంటాలు పడ్డానో! మా ఆవిడ నా చెయ్యి పట్టుకుని మెత్తగా ఉందే అని మురిసిపోయింది. మా అమ్మాయి తన ఫోన్లో నా మోచేతిని ఫోటో తీసింది. ఆ పద్ధతి కనిపెట్టిన వాళ్ళెవరో, వాళ్ళు చల్లగా ఉండాలి. గ్రేస్ మేడం చల్లగా ఉండాలి. ఇన్నేళ్ళు నన్ను తిట్టినవాళ్ళు, మందులు రాసినవాళ్ళు, జాలిపడ్డవాళ్ళు ఉన్నారు. గోక్కోకు అనడం కాకుండా, గోకాలనిపించినప్పుడు ఏం చేయాలో నేర్పినది మాత్రం ఆ ఫోన్లోని ఆడగొంతే. దురద పూర్తిగా పోలేదు, పోదు కూడా. వచ్చినా నన్ను ఏలడం మానేసింది. ఈ సంతోషం అబద్ధం కాదు. అబద్ధమైతే ఇంత బాధ ఉండేది కాదేమో. కృతజ్ఞతతో మనసు నిండినప్పుడల్లా దాని వెనకే రత్నమ్మ గారి ముఖం వచ్చి నిలబడేది.

మూడేళ్ళ తర్వాత కొట్టు పని మీద నూలు చీరలు చూడటానికి పెడన వెళ్ళాల్సి వచ్చింది. వాళ్ళనీ వీళ్ళనీ అడుగుతూ రత్నమ్మ గారి ఇంటికి వెళ్ళాను. ఎందుకు వెళ్ళాను? చెప్పేద్దామనే అనుకున్నాను. నిజంగానే అనుకున్నానా? ఏమో. అరుగు మీద కోడలు రాట్నం తిప్పుతోంది. రత్నమ్మ గారు గుమ్మంలో కూర్చుని ఉన్నారు. ఎడంచెయ్యి మణికట్టు నుంచి వేళ్ళ దాకా పాత గుడ్డతో కట్టేసి ఉంది. దెబ్బ తగిలిందా అని అడిగాను. నవ్వారు. ఇది దొంగచెయ్యి బాబూ అన్నారు. తనకు తెలియకుండా గోకుతుందట, అందుకని ఖాళీగా ఉన్నంతసేపూ కట్టేసి ఉంచుతారట. రాట్నం దగ్గర మరీ ఎక్కువ గోకుతోందని మిషన్ చెప్పింది కదా, అందుకని కండెలు చుట్టడమే మానేశారట. ఊళ్ళో అందరికంటే సన్నగా, బిగువుగా చుట్టేది ఆవిడేనని కోడలు అంది. మెడ మీద పుండ్లు ఎప్పటిలాగే ఉన్నాయి. "మీరు ఆవేళ మంచిగా చెప్పబట్టి తెలుసుకున్నాను, లేకపోతే నా చేతినే నమ్ముకుని కూర్చునేదాన్ని" అని ఆవిడ నాకు దణ్ణం పెట్టారు.

ఒక చేతికి గుడ్డ కట్టి ఉంటే రెండు చేతులు కలిపి దణ్ణం పెట్టడం ఎలా ఉంటుందో నేను చూశాను. వాళ్ళిచ్చిన మజ్జిగ తాగి, బేరం చూసుకుని వచ్చేశాను.

ఇప్పుడెందుకు చెబుతున్నానంటే, పోయిన నెల మా కొట్లో పనిచేసే ఒకమ్మాయికి ఇదే బాధ ఉంటే, ఆ పాఠాలు ఫోన్లో వేసి ఇచ్చాను. మొదట్లోనే ఒక కొత్త ప్రశ్న వచ్చింది. మీరు ఇంట్లో గానీ బయట గానీ చేతులతో అదే పనిగా చేసే పని ఏదైనా ఉందా, ఏ వేళల్లో చేస్తారు అని. గ్రేస్ మేడంకి ఫోన్ చేశాను. పూలు కట్టే ఒకావిడ, నేను గోకట్లేదండీ, పూలు కడుతున్నాను అని గట్టిగా పోట్లాడిందట. అప్పుడు మార్చారట. ఎవరో ఒకావిడ తన కోసం తాను పోట్లాడింది. నేను పక్కమనిషి కోసం ఒక్క ముక్క అనలేకపోయాను. ఫోన్లోనే మేడంకి అంతా చెప్పాను. రత్నమ్మ గారిని మళ్ళీ తీసుకురండి అన్నారు ఆవిడ.

మొన్న అమావాస్య నాడు పెడన వెళ్ళాను. ఆ రోజే ఎందుకంటే, ఆ రోజు అందరూ ఖాళీగా ఉంటారు, తప్పించుకోవడానికి నాకు సాకు ఉండదు. వీధి నిశ్శబ్దంగా ఉంది. రాట్నం మీద గుడ్డ కప్పి ఉంది. రత్నమ్మ గారి చెయ్యి కట్టే ఉంది. అరుగు మీద కూర్చుని చెప్పాను. మాదీ మగ్గాల ఇల్లేనని, మా అమ్మ కూడా కండెలు చుట్టేదని, ఆ ఎరుపంతా కండెలు చుట్టడమేనని చెప్పాను. అంతా అయ్యాక ఆవిడ ఒక్కటే అడిగారు.

"వరండాలో నేను అడిగినప్పుడే తెలుసా?"

"తెలుసమ్మా."

ఆవిడ నా వైపు చూడలేదు. పళ్ళతో ముడి పట్టి లాగి, ఎడంచేతి గుడ్డ విప్పడం మొదలుపెట్టారు. వేళ్ళు నానిపోయి పాలిపోయి ఉన్నాయి. ఒక్కో వేలూ ముడిచి, చాపి చూసుకున్నారు. "అయితే నా చెయ్యి మంచిదేనన్నమాట" అన్నారు. నాతో కాదు, ఆ చేతితో.

మళ్ళీ ఆసుపత్రికి రమ్మన్నారని, ఈసారి అన్నీ అడిగి రాసుకుంటారని చెప్పాను. చూద్దాం లెండి అన్నారు. క్షమించమని అడుగుదామని నోటిదాకా వచ్చింది. నా నోటి సంగతి నాకు తెలుసు, ఎంత బాగా అడగగలనో తెలుసు. అందుకే అడగలేదు. జేబులోంచి కండె తీసి ఆవిడ ముందు పెట్టాను. ఆవిడ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, లేచి వెళ్ళి, రాట్నం మీది గుడ్డ ఒక పక్కకు తొలగించి కదురుకు గుచ్చారు. గుడ్డ మళ్ళీ కప్పారు. "రేపు చుడతా" అని కోడలితో అన్నారు. నాతో మాత్రం, బస్సుకు టైమవుతోంది వెళ్ళండి అన్నారు. ఆ రోజు మజ్జిగ ఇవ్వలేదు.

తిరుగు బస్సు ఉయ్యూరు దాటుతుండగా మోచేతి మడతలో దురద మొదలైంది. చెయ్యి జేబులోకి పోయింది. జేబు ఖాళీ. గుప్పిట బిగించి, ఒకటి నుంచి ఇరవై దాకా లెక్కపెట్టాను. గోళ్ళు అరచేతిలో గుచ్చుకున్నాయి. గుచ్చుకోనిచ్చాను.